నొప్పి కథ: గంట తాడు నుంచి గేటు దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను నొప్పి గురించి రాస్తానన్నాను. ఫోనులో అవతలివైపు కాసేపు మాట లేదు. కానీ మీరే ఆలోచించండి. పదేళ్ల కిందట మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పిల్లల ఎంసెట్ ర్యాంకులు, వీసాలు, ఇళ్ల స్థలాలు నడిచేవి. ఇప్పుడు పొద్దున్నే గ్రూపు తెరిస్తే మోకాళ్లు, నడుములు, మెడలు. ఎవరో ఒకరు ఎం.ఆర్.ఐ. రిపోర్టు ఫొటో పెట్టి "డిస్క్ బయటికొచ్చిందట, ఏం చేయమంటార్రా" అంటారు. మనలో ఉన్న ఇద్దరు డాక్టర్లూ పాపం ఆ సమయానికి ఆఫ్‌లైన్‌లో ఉంటారు.

నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లుగా సబ్‌స్టేషన్లలో రిలేలు, బ్రేకర్లు చూసుకుంటున్న ఎలక్ట్రికల్ ఇంజనీరును. ఇంట్లో మనిషి నొప్పి వల్ల ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఇది మా వృత్తికి చాలా దగ్గరి చరిత్ర అనిపించింది. తీగ, సిగ్నలు, సెట్టింగు, అకారణంగా పడే ట్రిప్పు, అన్నీ ఇందులో ఉన్నాయి. అందుకని ఇది వైద్య సలహా కాదు, చరిత్రగానే చదవండి.

బయాలజీ మాస్టారు నల్లబల్ల మీద వేసిన బొమ్మ మీకూ గుర్తుండే ఉంటుంది. వేలు, దాని కింద కొవ్వొత్తి మంట, అక్కడి నుంచి వెన్నుపాము దాకా బాణం గుర్తులు. ఆ బొమ్మకు ముత్తాత ఫ్రెంచి తత్వవేత్త రెనే డెకార్ట్ పుస్తకంలో ఉంది. ఆయన 1650లో పోయాడు. మనిషి శరీరం గురించి ఆయన రాసిపెట్టిన గ్రంథం 1662లో లాటిన్‌లో, 1664లో ఫ్రెంచిలో వచ్చింది. అందులో ఒక కుర్రవాడి పాదం మంట దగ్గర ఉంటుంది. పాదం నుంచి మెదడు దాకా సన్నని దారం. ఇక్కడ మంట దారాన్ని లాగుతుంది, అక్కడ మెదడులో ఒక రంధ్రం తెరుచుకుంటుంది. తాడు కింద లాగితే పైన గంట మోగినట్టేనని ఆయనే పోలిక చెప్పాడు. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా గంట. దెబ్బ ఎంతో నొప్పి అంత.

చూడటానికి ఎంత శుభ్రమైన సర్క్యూటో! ఆ తర్వాత మూడు వందల ఏళ్ల వైద్యం దీని మీదే నడిచింది. నొప్పి ఉంటే దెబ్బ ఉండాలి, దెబ్బ కనపడకపోతే నొప్పి అబద్ధం. దెబ్బ నయమైనా నొప్పి పోకపోతే తీగ కోసెయ్యాలి. 20వ శతాబ్దంలో శస్త్రవైద్యులు నరాలను, వెన్నుపాములోని దారులను నిజంగానే కోశారు. కొందరికి కొంతకాలం ఉపశమనం దొరికింది. చాలామందికి నొప్పి తిరిగివచ్చింది, ఒక్కోసారి మునుపటికంటే ఎక్కువగా.

విచిత్రమేమిటంటే ఈ లెక్క కుదరదనే సాక్ష్యం డెకార్ట్ చేతిలోనే ఉంది. చెయ్యి తీసేసిన ఒక అమ్మాయి గురించి ఆయనే 1644 నాటి గ్రంథంలో రాశాడు. ఆ అమ్మాయి కళ్లకు గంతలు కట్టి ఉండటంతో చెయ్యి లేదన్న సంగతి ఆమెకు తెలియదు. లేని వేళ్లు ఒక్కొక్కటీ నొప్పి పుడుతున్నాయని చెప్పేది. అంతకు వంద ఏళ్ల ముందే ఆంబ్రాజ్ పారే అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు ఇలాంటివి చూసి రాసిపెట్టాడు. తాడు తెగిపోయింది, గంట మాత్రం మోగుతోంది.

అమెరికా అంతర్యుద్ధం ఈ ప్రశ్నను వేల రెట్లు పెంచింది. ఫిలడెల్ఫియాలో నరాల గాయాల కోసమే పెట్టిన సైనిక ఆసుపత్రిలో సైలస్ వెయిర్ మిచెల్, ఆయన సహచరులు చూసిన కేసులు 1864లో పుస్తకంగా వచ్చాయి. తూటా నరాన్ని తాకి వెళ్లిపోయింది, గాయం మానిపోయింది, కానీ చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టు మండుతూనే ఉంటుంది. కాగితం రాసుకున్నా తట్టుకోలేరు. కొందరు సైనికులు ఎప్పుడూ తడిగుడ్డ చుట్టుకుని ఉండేవారు, బూట్లలో నీళ్లు పోసుకుని నడిచేవారు. లేని అవయవంలో నొప్పికి ఇంగ్లీషులో 'ఫాంటమ్ లింబ్' అనే పేరును వాడుకలోకి తెచ్చింది మిచెలే, 1871లో.

ఇక్కడ మన హైదరాబాదును కాస్త తలుచుకోవాలి. అది దీర్ఘకాలపు నొప్పి కథ కాదు, శస్త్రచికిత్స నాటి నొప్పి కథ. 1846లో ఈథర్, ఆ మరుసటి ఏడాది క్లోరోఫాం వచ్చాక, క్లోరోఫాం ఇస్తుండగా కొందరు ఎందుకు చనిపోతున్నారన్నది ప్రపంచమంతటా వాదన అయింది. దాన్ని తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లలో రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. ముప్పు గుండెకు కాదు, శ్వాసకేనని తేల్చారు. గుండె కూడా ఆగుతుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. అయినా మూసీ ఒడ్డున చేసిన ప్రయోగాల గురించి లండన్ పత్రికలు కొట్టుకున్న రోజులవి. మన పాఠ్యపుస్తకాల్లో వీటికి ఒక పేరా దక్కినా బాగుండేది.

మళ్లీ యుద్ధానికే వద్దాం. నొప్పి చరిత్రలో సగం యుద్ధాలు రాసినదే. 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తువైద్యుడు తీవ్రంగా గాయపడిన సైనికులను పరిశీలించి 1946లో ప్రచురించాడు. అందులో ఉన్నది 215 మంది. ఎముకలు విరిగాయి, పొట్టల్లోకి తూటాలు దూరాయి. నొప్పికి మందు కావాలా అని అడిగితే నాలుగింట మూడొంతుల మంది అక్కర్లేదన్నారు. వాళ్లు స్పృహ లేనివాళ్లు కారు, సూది సరిగా గుచ్చకపోతే కేకలు వేసినవాళ్లే. తర్వాత ఇంటి దగ్గర అంతకంటే చిన్న కోతలు పడ్డ సాధారణ రోగులను అడిగితే ఎనభై శాతం పైగా మందు కావాలన్నారు. బీచర్ చెప్పిన కారణం ఇది: సైనికుడికి ఆ గాయం ఇంటికి టికెట్టు. సామాన్యుడికి అది ఆపద మొదలు. గాయం ఒకటే అయినా దాని అర్థం వేరు.

దీనికి తిరగేసిన కథ ఒకటి 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ల భవన కార్మికుడు పైనుంచి దూకితే బూటులోంచి పదిహేను సెంటీమీటర్ల మేకు పైకి పొడుచుకు వచ్చింది. మేకు కదిలితే చాలు విలవిల్లాడిపోయాడు, బలమైన మత్తుమందు ఇచ్చి బూటు విప్పారు. మేకు రెండు కాలివేళ్ల మధ్య సందులోంచి వెళ్లింది. పాదానికి గీత కూడా పడలేదు. నవ్వొస్తుంది గానీ, అతను నటించలేదు. తాడు ఎవరూ లాగకుండానే గంట మోగింది.

నాకు ఈ చరిత్రలో అందరికంటే నచ్చిన మనిషి జాన్ బొనికా. ఇటలీలో సిసిలీ దగ్గరి ఓ చిన్న దీవిలో 1917లో పుట్టి, పదేళ్ల వయసులో అమెరికా వచ్చాడు. తండ్రి పోయాడు. చదువుకు డబ్బు కోసం ముఖానికి ముసుగు వేసుకుని కుస్తీలు పట్టాడు. పగలు వైద్యం, సెలవుల్లో సర్కస్ కుస్తీ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వాషింగ్టన్ రాష్ట్రంలోని సైనిక ఆసుపత్రిలో మత్తు విభాగం చూస్తూ, ఎన్నాళ్లైనా తగ్గని నొప్పులున్న సైనికులను చూశాడు. ఏ పుస్తకంలోనూ వాళ్లకు జవాబు లేదు. వేరువేరు విభాగాల డాక్టర్లను పిలిచి భోజనాల దగ్గర కూర్చోబెట్టి ఒక్కో రోగి గురించి మాట్లాడించేవాడు. 1953లో నొప్పి చికిత్స మీద బృహద్గ్రంథం రాశాడు. 1960ల మొదట్లో సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నరాల డాక్టరు, మనస్తత్వవేత్త, ఎముకల డాక్టరు అందరూ కలిసి చూసే నొప్పి క్లినిక్ నిలబెట్టాడు. 1973లో ఇసాక్వా అనే ఊళ్లో ప్రపంచం నలుమూలల నుంచి పరిశోధకులను పోగుచేస్తే, అక్కడి నుంచే అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం పుట్టింది. కుస్తీల్లో విరిగిన శరీరంతో, ఎన్నో ఆపరేషన్లు చేయించుకుని, తానే జీవితాంతం నొప్పితో బతికాడు. 1994లో పోయాడు. నొప్పిని జబ్బుకు గుర్తుగా మాత్రమే చూడొద్దు, మొండికేసినప్పుడు అదే జబ్బు అని వైద్యలోకాన్ని ఒప్పించిన వాళ్లలో ఆయన ముందువరసలో ఉన్నాడు.

సిద్ధాంతంలో మలుపు మాత్రం 1965లో వచ్చింది. కెనడా మనస్తత్వవేత్త రోనాల్డ్ మెల్జాక్, ఇంగ్లండు శరీరశాస్త్రజ్ఞుడు పాట్రిక్ వాల్ మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి.లో కలిశారు. ఆ ఏడాది నవంబరులో 'సైన్స్' పత్రికలో వచ్చిన వాళ్ల వ్యాసమే గేట్ కంట్రోల్ సిద్ధాంతం. వెన్నుపాములో ఒక గేటు ఉందన్నారు. సన్నని నరాల నుంచి వచ్చే నొప్పి సంకేతం గేటును తెరుస్తుంది. స్పర్శను మోసే లావు నరాల సంకేతం గేటును కొంత మూస్తుంది. పైనుంచి మెదడు కూడా ఆ గేటుకు ఆజ్ఞలు పంపుతుంది. గుమ్మం తగిలితే వెంటనే మోచెయ్యి రుద్దుకుంటాం, పిల్లాడు పడితే అమ్మమ్మ నిమురుతుంది. దాని వెనక సర్క్యూటు ఏమై ఉంటుందో మొదటిసారి ఎవరో గీసి చూపించారు. వాళ్లు గీసిన వైరింగులో కొన్ని తీగలు తప్పని తర్వాత తేలింది. ఇంజనీరుగా నాకది పెద్ద లోపం అనిపించదు. నొప్పి దారిలో కంట్రోలు ఉంది, ఫీడ్‌బ్యాక్ ఉంది అన్న మూల విషయం నిలిచింది. ఫిజియోథెరపీ గదుల్లో అతికించే కరెంటు ప్యాడ్లు, వెన్నుపాము దగ్గర పెట్టే స్టిములేటర్లు, రెండూ 1967 ప్రాంతంలో ఈ ఆలోచన నుంచే వచ్చాయి.

మెల్జాక్ చేసిన ఇంకో పని మన భాషాభిమానులకు నచ్చుతుంది. రోగులు నొప్పిని చెప్పే మాటలను పోగుచేసి, 78 మాటలను 20 గుంపులుగా పేర్చి 1975లో మెక్‌గిల్ ప్రశ్నావళిగా ప్రచురించాడు. మాటల తేడా జబ్బు తేడాను పట్టిస్తుందని చూపించాడు. అది చదువుతుంటే మన ఇళ్లల్లో పెద్దవాళ్ల మాటలు గుర్తొచ్చాయి. పోటు వేరు, సలుపు వేరు, తీపులు వేరు, పీకుడు వేరు. మెలిపెట్టినట్టు, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, నరం లాగినట్టు. ఇంత సంపద ఉంచుకుని కార్పొరేట్ ఆసుపత్రిలో "పదికి ఎంత?" అంటే "ఏడు" అని చెప్పి వస్తున్నాం.

ఆ తర్వాతి పదేళ్లు వేగంగా నడిచాయి. 1973లో మెదడులో నల్లమందు అతుక్కునే చోట్లు దొరికాయి. 1975లో స్కాట్లండులోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ మెదడు తనంతట తాను తయారుచేసుకునే నల్లమందు లాంటి పదార్థాన్ని పట్టుకున్నారు. 1978లో పన్నుపీకించుకున్న రోగుల మీద చేసిన ప్రయోగంలో, ఉత్తుత్తి మందుతో తగ్గిన నొప్పి కూడా నల్లమందుకు విరుగుడు ఇస్తే తిరిగివస్తుందని తేలింది. అంటే 'ఉత్త నమ్మకం' అని కొట్టిపారేసిన దానికి కూడా రసాయనం ఉంది.

నాకు నిజంగా కళ్లు తెరిపించింది 1983 నాటి చిన్న వ్యాసం. పాట్రిక్ వాల్ దగ్గర పనిచేస్తున్న క్లిఫర్డ్ వూల్ఫ్ లండన్‌లో ఎలుకల మీద చేశాడు. పాదానికి గాయం అయ్యాక వెన్నుపాములోని నాడీకణాలు అతిగా స్పందించడం మొదలుపెట్టాయి. గాయం దగ్గర మత్తు సూది వేసి అక్కడి సంకేతం ఆపేసినా ఆ అతి స్పందన వెంటనే తగ్గలేదు. గాయం పాదంలో, మార్పు వెన్నుపాములో. దీన్నే సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటున్నారు. మా భాషలో చెబుతాను. ఫీడరుకు ఓవర్ కరెంట్ రిలే ఉంటుంది. ఎక్కడో పెద్ద ఫాల్టు వచ్చాక ఎవరో దాని సెట్టింగు బాగా తగ్గించి వదిలేశారనుకోండి. ఫాల్టు బాగుచేశారు. కానీ ఇప్పుడు సాయంత్రం మామూలు లోడుకే లైను పడిపోతుంది. లైన్‌మెన్ పన్నెండు కిలోమీటర్లు నడిచి చూస్తారు. తీగ బాగుంది, ఇన్సులేటర్ బాగుంది, చెట్టు కొమ్మ లేదు. "లైన్లో ఏమీ లేదు సార్" అంటారు. నిజమే. కానీ లైను పడింది, ఊరు చీకట్లో ఉంది. అదీ నిజమే.

మా అక్కయ్యకు పన్నెండేళ్లుగా ఒళ్లంతా నొప్పులు. నిద్ర పట్టదు, భుజం మీద చెయ్యి వేసినా ఓర్చుకోలేదు. రక్తపరీక్షలు, స్కాన్లు అన్నీ నార్మల్. ఒక పెద్దాసుపత్రిలో డాక్టరు గారు ఫైలు మూసేసి, "రిపోర్టుల్లో ఏమీ లేదమ్మా, మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు" అన్నారు. బయటికొచ్చాక బావగారు "చూశావా, నేను చెప్పలేదూ" అన్నారు. ఆయన చెడ్డవారు కారు, డెకార్ట్ బొమ్మనే నమ్మారు, అంతే. అక్కయ్య ఆటోలో ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత రెండేళ్లు ఎవరికీ నొప్పి గురించి చెప్పలేదు. నొప్పి తగ్గి కాదు. చివరికి ఒక రుమటాలజిస్టు దానికి ఫైబ్రోమయాల్జియా అని పేరు చెప్పారు. అమెరికా రుమటాలజీ కళాశాల 1990లోనే దానికి లక్షణాల జాబితా ఇచ్చింది. పేరు దొరికిన రోజు అక్కయ్య ఏడ్చింది. మందుకంటే ముందు ఆమెకు కావలసింది నమ్మేవాళ్లు.

నమ్మకపోవడానికి ఎంత ఖరీదో చెప్పే ఇంకో అధ్యాయం ఉంది. అప్పుడే పుట్టిన పిల్లలకు నొప్పి తెలియదని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. 1980ల దాకా నెలలు నిండని శిశువులకు గుండె దగ్గర ఆపరేషన్లు కూడా కదలకుండా చేసే మందుతో, నామమాత్రపు మత్తుతో చేసేవారు. దాన్ని ప్రశ్నించినవాడు భారతీయుడు, కన్వల్‌జీత్ ఆనంద్. ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఆయన ప్రయోగం 1987లో 'లాన్సెట్'లో వచ్చింది. సరైన నొప్పి మందు ఇచ్చిన శిశువుల్లో ఒంటిమీద ఒత్తిడి తగ్గింది, ఆపరేషన్ తర్వాతి చిక్కులు తగ్గాయి. మాట్లాడలేనివాడికి నొప్పి లేదనుకోవడం ఎంత తేలికో!

ఇక ఎం.ఆర్.ఐ. సంగతి, గ్రూపులో ఫొటోలు పెట్టే మిత్రుల కోసం. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో నడుం నొప్పి అసలే లేని 98 మందికి స్కాన్ తీశారు. వారిలో 52 శాతానికి కనీసం ఒక చోట డిస్క్ ఉబ్బు కనిపించింది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. అంటే రిపోర్టులో ఉన్న ప్రతి ఇంగ్లీషు మాటా జబ్బు కాదు, తలవెంట్రుకలు నెరిసినట్టు కొన్ని వయసు గుర్తులు. కాలు బలహీనపడినా, మూత్రం పట్టు తప్పినా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా సంగతి వేరు, ఆలస్యం చేయకూడదు. అవేవీ లేనప్పుడు స్కాను చూసి భయపడి మంచం ఎక్కడమే ఎక్కువ నష్టం.

నరం చివర ఏం జరుగుతుందన్న ప్రశ్నకు జవాబు మన వంటింటి డబ్బాలో ఉంది. 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం మిరపకాయలోని క్యాప్సైసిన్ ఏ తాళానికి తాళంచెవో కనిపెట్టింది. ఆ ప్రోటీను పేరు టి.ఆర్.పి.వి.1. అదే ప్రోటీను సుమారు 43 డిగ్రీల వేడికి కూడా తెరుచుకుంటుంది. గుంటూరు కారం తిని "నోరు మండిపోయింది" అన్నప్పుడు అది అలంకారం కాదు, నరానికి నిప్పుకీ మిరపకీ తేడా తెలియదు. పక్షుల్లో ఈ తాళం మిరపకు లొంగదు, అందుకే చిలక హాయిగా పండుమిరప తింటుంది. ఈ పనికి జూలియస్‌కూ, స్పర్శను, ఒత్తిడిని పట్టే ప్రోటీన్లను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కూ 2021లో నోబెల్ వచ్చింది. మిరప మందు పట్టీ కొన్ని నరాల నొప్పులకు వాడుకలో ఉంది. అయితే ఈ తాళాన్నే మూసేసే మాత్రలు ప్రయత్నిస్తే మనుషులకు జ్వరం వచ్చింది. ఒంటి వేడిని చూసుకునే పని కూడా దానిదేనట.

మందుల చరిత్రలో చీకటి భాగం అమెరికాలో ఉన్న మన మిత్రులకు బాగా తెలుసు. 1980లో ఒక పత్రికలో వచ్చిన ఐదు వాక్యాల ఉత్తరాన్ని పట్టుకుని, నల్లమందు జాతి మాత్రలకు బానిసలయ్యే ప్రమాదం తక్కువని ప్రచారం నడిచింది. 1996లో పర్డ్యూ ఫార్మా ఆక్సీకాంటిన్ తెచ్చింది. 2007లో, మళ్లీ 2020లో ఆ కంపెనీ న్యాయస్థానంలో నేరం ఒప్పుకుంది. ఆ మధ్యలో పోయిన ప్రాణాలు లక్షల్లో. మన దేశంలో తప్పు రెండోవైపు జరిగింది. ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో నల్లమందు శుద్ధిచేసే దేశంలో, 1985 చట్టం తర్వాత క్యాన్సర్ రోగికి మార్ఫిన్ దొరకడం గగనమైంది. కేరళలో ఉపశమన వైద్యం కోసం పోరాడినవాళ్లు, మన హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగాన్ని నిలబెట్టినవాళ్లు ఈ కాగితాల గోడను గుద్దుతూనే పనిచేశారు. 2014లో చట్టాన్ని సవరించారు. చిల్లర మందుల షాపుకూ, మండల ఆసుపత్రికీ అది ఇంకా పూర్తిగా చేరలేదు.

2020లో అంతర్జాతీయ సంఘం 1979 నాటి నొప్పి నిర్వచనాన్ని సవరించింది. ఆ బృందానికి నాయకుడు జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసే శ్రీనివాస రాజా. నొప్పి ఇంద్రియానుభవమే కాదు, మనసు అనుభవం కూడానని పాత నిర్వచనమే చెప్పింది. కొత్తదాని వివరణలో ఇంకా స్పష్టంగా, మనిషి నొప్పి అంటే ఆ మాటను గౌరవించాలని, చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేనట్టు కాదని చేర్చారు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో, మూడు నెలలు దాటిన నొప్పికి దానంతట దానికే ఒక స్థానం ఉంది.

సెట్టింగు తగ్గిన రిలేను మళ్లీ సరిచేయొచ్చా? అమెరికాలో కొలరాడోలో చేసిన ఒక ప్రయోగం 2021లో వెలువడింది. పాత నడుం నొప్పి ఉన్న 151 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు నాలుగు వారాలపాటు, నొప్పి అంటే నడుం విరుగుతోందన్న సంకేతం కాదని తెలియజెప్పి, భయం లేకుండా కదలడం నేర్పారు. చివర్లో వారిలో 66 శాతానికి నొప్పి పోయింది లేదా పోయినంత పనైంది. ఉత్తుత్తి సూది వేసినవాళ్లలో అది 20 శాతం, మామూలు వైద్యం కొనసాగించినవాళ్లలో 10 శాతం. చిన్న ప్రయోగం, చదువుకున్నవాళ్లే ఎక్కువ, కాబట్టి నేను ఎగిరి గంతెయ్యను. అక్కయ్యకు మాత్రం ఆ వ్యాసం సారాంశం తెలుగులో రాసి ఇచ్చాను. ఇప్పుడు పొద్దున్నే అరగంట నడుస్తోంది, బావగారు తోడు వెళ్తున్నారు.

రసాయనం వైపు కూడా పని ఆగలేదు. 2006లో ఉత్తర పాకిస్తాన్‌లోని కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే నొప్పి తెలియని పిల్లలను పరిశీలించి, నరంలో సోడియం దారి ఒకటి పనిచేయకపోవడమే కారణమని పట్టుకున్నారు. వాళ్ల గురించి మొదట తెలిసింది వీధుల్లో చేతుల్లో కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి ఆటలాడిన ఒక బాలుడి వల్ల. పద్నాలుగో పుట్టినరోజు చూడకముందే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. ఆ దారికి దాయాది లాంటి ఇంకో సోడియం దారిని మూసే సుజెట్రిజీన్ అనే మందుకు 2025 జనవరిలో అమెరికా అనుమతి వచ్చింది, అదీ ఆపరేషన్ల తర్వాతి లాంటి కొత్త నొప్పికే. నల్లమందు జాతికి చెందనిది, మెదడు మీద కాక బయటి నరాల మీద పనిచేసేది. దీర్ఘకాలపు సయాటికా మీద కూడా ప్రయత్నించారు, ఆ ఫలితాలు 2024 డిసెంబరులో చెప్పారు. పదికి కొలిచే నొప్పి సుమారు రెండు తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ సుమారు రెండే తగ్గింది.